రోమ్‌ను కూలగొట్టిన బగారన్నం

మా బుచ్చన్నకు రాని పని ఒక్కటే, వంట. తక్కిన ప్రపంచంలోని పనులన్నీ ఆయనకు వచ్చు. వచ్చుడే కాదు, ఎప్పుడో చేసేసి కూర్చున్నాడు.

దోహా ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంప్‌లో మాది ఏడుగురి మెస్సు. అందరం జగిత్యాల, సిరిసిల్ల దిక్కువాళ్లం. ఏడుగురం, వారానికి ఏడు రోజులు, రోజుకొకరి వంట వంతు. ఎవరికి జ్వరమొచ్చినా పక్కవాడు చేస్తాడు గానీ వంతు మాత్రం తప్పదు. శుక్రవారం బుచ్చన్నది. మెస్సులో చేరిన మొదటి శుక్రవారమే ఆయనొక పప్పు వండాడు. అది పప్పో, సైట్‌లో కలిపిన సిమెంటో ఇప్పటికీ తేలలేదు. "నాకు రాదని ముందే జెప్పిన గదరా" అని ఆయన చేతులు దులుపుకున్నాడు. అందరికన్నా వెనుక చేరినవాణ్ని నేను కాబట్టి, నా సోమవారంతో పాటు ఆయన శుక్రవారం కూడా నా మెడకే చుట్టుకుంది.

నా పేరు తిరుమల్. సెలవుండేది శుక్రవారం ఒక్కటే. ఊళ్లో ఉన్న నా భార్య శోభ వీడియో కాల్ చేసేది కూడా ఆ పొద్దే. సరిగ్గా నేను రాత్రి వంటకు ఉల్లిగడ్డలు కోస్తున్నప్పుడే ఫోన్ మోగుతుంది. నా కళ్ల నీళ్లు చూసి అక్కడ ఆమె ముక్కు చీదడం మొదలుపెడుతుంది. ఉల్లిగడ్డలే అంటే నమ్మదు. ఇద్దరం ఏడవడంతోనే కాల్ అయిపోతుంది. నా సెలవంతా ఇట్లా తగలబడుతుంటే నాకు కడుపు మండేది.

ఆ శుక్రవారం బుచ్చన్న ఇంకో అడుగు ముందుకేశాడు. తనను వంట వంతు నుంచి శాశ్వతంగా తప్పించి మెస్సుకు పెద్దగా పెట్టాలట. దానికి చేతులెత్తాలట. సాయంత్రం రూమ్ ముందు వరండాలో అందరం కరక్ చాయ్ పట్టుకుని కూర్చున్నాం. అంజి, సిరిసిల్ల అన్నదమ్ములిద్దరు అప్పటికే బుచ్చన్న వైపు తిరిగిపోయారని నాకు తెలుసు. ఆయన చేయి కూడా కలిస్తే ఏడుగురిలో నలుగురు. నా శుక్రవారాలు ఇక ఖలాస్.

మాలో పెద్దవాడైన నర్సింలు కాక మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని అడిగాడు.

"పెద్దగ ఎందుకు పెట్టాలె బుచ్చన్నా? నువ్వేం జేసినవని?"

బుచ్చన్నకు కావలసింది అదే. చాయ్ కప్పు కింద పెట్టి, మీసం తుడుచుకుని అందుకున్నాడు.

"ఏం జేసిన్నా? నేను జెప్పుకుంట తిరిగేటోన్ని కాదు కాబట్టి మీకెర్కలేదు. ఒక్క ముచ్చట జెప్త ఇనుండ్రి. మీరంత ఈడికి రాకముందు నేను మదీనత్ అల్ షమాల్ దిక్కు సైట్ల షట్టరింగ్ కార్పెంటర్‌గ జేస్తున్న. గప్పుడు ఏదో దేశపోళ్లు సీరియల్ తీయనీకి వచ్చిన్రు. రోమ్ సీరియల్. రెండు వేల ఏండ్ల కిందటి కథ. ఎడారిల ప్లైవుడ్‌తోని రోమ్ కట్టాలె. మా కంపెనీకే పనిచ్చిన్రు. అబద్ధమెందుకు, నేను గొప్పోన్నని అనను, సెనేటు ఖంబాలకు మేకులు కొట్టిన, గంతే."

"సెనేటంటే ఏందన్నా?" అంజి అడిగాడు.

"మంచిగడిగినవ్. రోమ్‌ల అప్పుడు రాజు లేడురా. మన మెస్సు లెక్కనే. యేడాదికి ఇద్దరు పెద్దలు, యేడాది కాంగనే దిగిపోవాలె, వేరేటోళ్ల వంతు. ఆళ్లకు బుద్ధి జెప్పనీకి ముసలోళ్ల పంచాది ఒకటుంటది, దాన్నే సెనేటంటరు. మొత్తానికి దీని పేరు రిపబ్లిక్. ఇదంత నాకు మా ఆఫీసుల వేణుగోపాలరావు సారు జెప్పిండు. ఆంధ్రా ఇంజినీరు, ఫరీజ్ బిన్ మహమూద్‌ల ఫ్యామిలీతోని ఉంటడు. సారుకు కూడా సీరియల్‌ల వేషమిచ్చిన్రు. తెల్ల బెడ్‌షీటు సుట్టుకోని సెనేటు పెద్దమనిషైండు."

"ఊ" అన్నాడు నర్సింలు కాక. కథకు ఊ కొట్టడం ఆయనకు చిన్నప్పటి అలవాటు.

"మరి సైన్యం కావాలె గదా? వేషాలేసేటోళ్ల బస్సు తొవ్వల ఖరాబైంది. డైరెక్టరు నెత్తి పట్టుకున్నడు. ఇగ మా గ్యాంగునే నిలబెట్టిన్రు. నూరు మందిమి. తలా ఒక రేకు డాలు, ఒక కట్టె కత్తి, మోకాళ్ల దాక గౌను..."

"లంగానా?" సిరిసిల్ల పెద్దోడు నవ్వాడు.

"లంగా అన్నవంటే తంత. అది సిపాయి డ్రెస్సు. నేను ఏస్కుంటే ఒంటెలు గూడ తలకాయ ఒంచినయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సిపాయిల కథ సారు జెప్తుంటే నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. మొదట్ల రోమ్‌ల పొలమున్న రైతులే సిపాయిలు. యుద్ధమైపోంగనే ఇంటికి పోయి నాగలి పట్టేటోళ్లు. తర్వాత మారియస్ అని ఓ సేనాపతి, గుంటెడు జాగ లేనోళ్లనంత పటాలంల కలుపుకున్నడు. ఆళ్లు ఏండ్లకేండ్లు దేశం గాని దేశంల కొట్లాడిన్రు. అయిపోయినంక 'మాకు ఇంత భూమియ్యుండ్రి' అంటే సెనేటోళ్లు ఏమన్నరు?"

"మాఫీ అన్నరు" అన్నాను నేను. క్యాంప్‌లో ఉన్నవాడికి 'లేదు' అనే ఆ అరబ్బీ జవాబు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"గదే! మాఫీ. లేదు పో అన్నరు. కానీ సేనాపతి ఏమన్నడు? నా ఎంబడి రాండ్రి, భూమి నేనిప్పిస్త అన్నడు. ఇగ సిపాయికి సెనేటెవ్వడు, రిపబ్లికెవ్వడు? సేనాపతే తల్లి, సేనాపతే తండ్రి. సుల్లా అనేటోడు ఆ సైన్యాన్ని తీస్కోని సొంతూరు రోమ్ మీదికే పోయిండు. ఆయినెన్క సీజర్. సొంత సైన్యం సొంతూరి మీదికి పోయిందంటే ఇగ ఆ ఊరు నిలబడుతదా?"

"నిలబడది" అన్నాడు కాక. "సరే, సీజర్ ఎవలు?"

బుచ్చన్న లేచి నిలబడి భుజం మీది తువ్వాలను ఒక పక్కకు వేసుకున్నాడు.

"సీజర్ వేషమేసే హీరో పొద్దుగాల ఒంటె పాలు తాగిండు. కడుపు కదిలింది. మనిషి బాత్రూంలకెళ్లి బయటికొస్తలేడు. డైరెక్టరు నూరు మందిని లైన్‌ల నిలబెట్టి చూస్తున్నడు. నా కాడికొచ్చి ఆగిండు. నా ముక్కు చూసిండు. 'ఇదిరా రోమ్ ముక్కు' అన్నడు."

మేమంతా ఆ ముక్కు వైపు చూశాం. మా జగిత్యాల పక్కన నూకపల్లి సంతలో పకోడీ బండి దగ్గర అట్లాంటి ముక్కులు బోలెడు కనిపిస్తాయి.

"ఎర్ర శాలువ తెచ్చి నా భుజం మీదేసిన్రు. అంతే, సీజర్‌నైపోయిన. ఇగ చూడు, నేను మైక్ లేకుంటనే ఒక్క కేకేస్తే షమాల్ నుంచి దోహా దాక అన్ని సైట్లల్ల పని ఆగిపోయింది. నూరు మంది సైన్యం వెయ్యైంది."

"ఎట్లయిందన్నా?"

"నేపాలోళ్లు, బంగ్లాదేశోళ్లు, బీహారోళ్లు డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చిన్రు. వెయ్యి పది వేలైంది. గౌన్లు సాలక షట్టరింగ్ పట్టాలు సుట్టుకున్నరు. అయితే పగటీలికి సైన్యానికి తిండి తెచ్చిన్రు. ఏం తెచ్చిన్రు? ఎండిపోయిన కుబ్బూస్ రొట్టె, నీళ్ల పప్పు. సిపాయిలు గుసగుసమన్నరు."

ఇక్కడ నర్సింలు కాక కొద్దిగా ముందుకు జరిగాడు. ఆయన గొంతులో నాకేదో కొత్తగా వినిపించింది గానీ అప్పుడు నాకది అర్థం కాలేదు.

"అవు బుచ్చన్నా, నీళ్ల పప్పు తిని ఎవడు యుద్ధం జేస్తడు? భూమి ముచ్చట తర్వాత. ముందుగాల సిపాయికి పొట్ట నిండాలె. నువ్వైతే ఏం జేసినవ్?"

"ఏం జేసిన్నా?" బుచ్చన్న ఛాతీ రెండింతలైంది. "గుండిగెలు తెప్పిచ్చిన. నలభై పొట్టేళ్లు. బస్తాల కొద్ది బియ్యం. సైన్యానికి బగారన్నం, మటన్ కూర పెట్టిన."

"పది వేల మందికా? ముక్క గట్టిగనే ఉండి ఉంటది."

"ఎవలకు జెప్తున్నవ్ కాకా? వెన్న లెక్క ఇచ్చుకపోయింది. అందరు ఏం జేస్తరంటే ముందుగాలనే కారమేసి మాడగొడ్తరు. అట్ల కాదు. ఉప్పు, పసుపు, అల్లమెల్లిగడ్డ పట్టిచ్చి ముక్కను పక్కకు పెట్టాలె. ఉల్లిగడ్డ సన్నగ కోసి, ఎర్రగయ్యేదాక ఓపిక పట్టాలె. ముక్కేసి మూత పెడితే తన నీళ్లు తనే ఇడుస్తది. ఆ నీళ్లు ఇగిరి నూనె పైకి తేలినంకనే కారమెయ్యాలె. ఎండు కొబ్బరి, ధనియాలు, గసాలు ఏంచి దంచిన పొడి ఆఖర్న."

"ఆహా" అన్నాడు కాక. "మరి బగారన్నం ముద్ద కాలేదా?"

"ఎందుకైతది? ఎసరు మరిగేటప్పుడు ఒక్క చుక్క నాలిక మీదేస్కోని చూడాలె. ఉప్పు కొంచెం ఎక్కువున్నట్టనిపియ్యాలె, అప్పుడే బియ్యానికి సరిపోతది. నీళ్లు ఇగిరినంక మంట తగ్గిచ్చి, మూత మీద నిప్పులు. ఆ పుదీన వాసన గాలిల కలిసిందా, ఇగ చూడు! అవతల సెనేటోళ్ల పక్క నిలబడ్డ సైన్యం గూడ కత్తులు పారేసి ఇస్తరాకులు పట్టుకోని నా దిక్కు ఉరికొచ్చింది. పది వేలు లక్షైంది!"

అంజి గుటక మింగాడు. నాకూ నోరూరింది. మధ్యాహ్నం నేను చేసిన టమాటా చారు గుర్తొచ్చి కొంచెం సిగ్గు కూడా వేసింది.

"ఊ, తర్వాత?" అని కాక మళ్లీ గోడకు ఆనుకున్నాడు. ఆయన ముఖంలో చేప గాలానికి తగిలినవాడి తృప్తి ఉంది.

"తర్వాత రూబికాన్. అదొక చిన్న వాగు. సేనాపతి ఎవడైనా సైన్యాన్ని తీస్కోని ఆ వాగు దాటి రోమ్ దిక్కు రావద్దని కానూను. దాటితే రాజద్రోహం. సీరియలోళ్లు జేసీబీతోని ఓ కందకం తవ్వి ట్యాంకరు నీళ్లు పోసిన్రు. కానీ నేను అంచు మీద నిలబడంగనే ఆ నీళ్లు శ్రీరాంసాగర్ గేట్లెత్తినట్టు పొంగినయ్. డైరెక్టరు కుర్సీ కొట్టుకపోయింది. అసలు సీజర్ గా వాగు కాడ నిలబడి, పాచిక పడ్డదని పెద్ద మాటేదో అన్నడట. నేనేమన్ననో తెలుసా?"

"ఏమన్నవ్?"

"యల్లా అన్న."

సైట్‌లో పొద్దున లేస్తే మమ్మల్ని తోలే అరబ్బీ 'పదండి' అది. సిరిసిల్ల తమ్ముడు చప్పట్లు కొట్టాడు. బుచ్చన్న చేత్తో ఆపమన్నట్టు సైగ చేశాడు, లోపల పొంగిపోతూనే.

"దాటినం. హైవే మీద నడుస్తుంటే స్టేడియంల క్రేన్లు మెడలొంచి సలాం గొట్టినయ్. కొంచెం దూరం పోతే సముద్రం అడ్డమొచ్చింది. పడవలున్నయి గాని గాలి లేదు. తెరచాపలు ఎండిన తువ్వాల లెక్క ఏలాడుతున్నయ్. నేను ఎన్కకు తిరిగి సైన్యానికి జెప్పిన, 'బిడ్డా, బగారన్నం తిన్న కృతజ్ఞత ఉంటే ఒక్కపారి త్రేన్చుండ్రి' అని. లక్ష మంది ఒక్కపారి త్రేన్చిన్రు! ఆ గాలికి పడవలు లేచి, నడుమల ఏడ ఆగకుంట, రోమ్ రేవుల పోయి పడ్డయ్."

"ఏ రోమ్? ప్లైవుడ్‌దా?" అడిగాను.

"అసలు రోమే! నువ్వు నడుమల మాట్లాడకు తిరుమల్. ఆడ సెనేటు మెట్ల మీద బెడ్‌షీటు ఎగేసుకుంట వేణుగోపాలరావు సారు అడ్డమొచ్చిండు. 'ఏమయ్యా బుచ్చన్నా, ఇది స్క్రిప్టులో లేదు, వెనక్కి వెళ్ళిపోవయ్యా' అన్నడు. నేనన్న, 'సారూ, స్క్రిప్టు మీదే, కాదంటలేను. సిపాయిలు మాత్రం నావోళ్లు.' సారు బెడ్‌షీటు సర్దుకోని పక్కకు జరిగిండు. ఇగ రిపబ్లిక్‌ను కూలగొట్టాలె. ఎంత పెద్ద ఖంబాలు! కానీ ఏ ఖంబానికి ఏ మేకు కొట్టిన్నో నాకు ఎర్కేనాయె. ఒక్క మేకు గుంజిన. దబదబ కూలిపోయింది. ఐదు వందల ఏండ్ల రిపబ్లిక్, ఒక్క మేకు!"

"పాపం" అన్నాడు కాక.

"పాపమేంది? జనం నన్నెత్తుకున్నరు. వంతులు బందు, యేడాదికి దిగుడు బందు, బతికినన్ని రోజులు బుచ్చన్నే పెద్ద అన్నరు. అయితే ముసలోళ్లకు కడుపు మంట. మీటింగని పిలిచి, బెడ్‌షీట్ల కింద కత్తులు దాసుకోని వచ్చిన్రు. అసలు సీజర్ గట్లనే సచ్చిండు. నేను సస్తనా? ఛాతి ముందుకు పెట్టిన. కత్తులన్ని చంచాల లెక్క వంకర్లు పోయినయ్. ఇగో, ఇప్పుడు మనం కడుతున్న స్టేడియం ఎవలికనుకున్నరు? వరల్డ్ కప్‌కా? ముందుగాల నా సైన్యం బంతి కూసుండి బువ్వ తిననీకని మొదలువెట్టిన్రు. సిపాయిలు ఇండ్లకు పోయినంక, ఉత్తగ ఉంటదెందుకని నేనే ఫుట్‌బాలోళ్లకు ఇచ్చెయ్యమన్న."

ఆయన కూర్చున్నాడు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగాడు.

"గసొంటి నాకు మెస్సుల వంతా? ఉల్లిగడ్డలు గోసుడా? మీరే జెప్పుండ్రి. చేతులెత్తుండ్రి ఇగ."

అంజి చేయి సగం లేచింది. అన్నదమ్ములవీ కదిలాయి. ఇంత పచ్చి కోతకు చేతులు లేస్తున్నాయంటే మనుషుల మీదే నమ్మకం పోయింది నాకు.

"ఆగు అంజీ" అన్నాడు నర్సింలు కాక. "చేయెత్తితే నీకేమిస్తనన్నడు?"

అంజి నసిగాడు. "మంచం. కింది మంచం."

"అరే, అది నాకన్నడు గదా!" సిరిసిల్ల పెద్దోడు లేచాడు.

"నాకు గూడ గదే మంచం జెప్పిండు" అన్నాడు తమ్ముడు.

మా రూమ్‌లో గాలి తగిలే కింది మంచం ఒక్కటే ఉంది. దాని మీద పడుకునేది నర్సింలు కాక.

"సూసిన్రా? నా మంచం ముగ్గురికి పంచిండు" అన్నాడు కాక, కోపం లేకుండానే. "సేనాపతులు ఇచ్చేది ఎప్పుడూ పక్కోని భూమే. అది సరే బుచ్చన్నా. మంచం ముచ్చట ఇడిసిపెట్టు. నాకొక్క సందేహం. లక్ష మంది సైన్యం సెనేటును కాదని నీ ఎన్క ఎందుకొచ్చింది?"

"జెప్పిన గదా, నా బగారన్నం తిని."

"ఎవలొండిన్రు?"

"ఎవలేంది, నేనే గద..."

మాట అక్కడ ఆగిపోయింది. బుచ్చన్న నోరు మాత్రం తెరిచే ఉంది.

"అంటే... నేను పక్కన నిలబడి జెప్పిన. చేసింది వేరేటోడు. నాకు వంటెక్కడిది కాకా?"

"అట్లనా? అయితే సైన్యం ఆ వేరేటోని ఎన్క పోవాలె. సీజర్ ఆడైతడు. నువ్వు ఉత్తగ గంటె అందిచ్చినోనివి."

బుచ్చన్న ముఖంలో ఆ క్షణాన జరిగిన యుద్ధం రోమ్‌లో కూడా జరిగి ఉండదు. ఒక పక్క శుక్రవారం, ఒక పక్క సీజర్. వంట రాదంటే వంతు తప్పుతుంది గానీ సింహాసనం పోతుంది. వచ్చునంటే సింహాసనం ఉంటుంది, కానీ గంటె చేతికొస్తుంది.

"వేరేటోడా?" ఆయన లేచి తొడ చరిచాడు. "ఎవడాడు? ఆనికి ఎసరంటే తెలుసా? నేనే ఒండిన! లక్ష మందికి నేనొక్కన్నే ఒండిన!"

వరండా అంతా ఒక్కసారి గొల్లుమంది. అంజి ఎత్తిన చేయి దించడం మరిచిపోయి అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. బుచ్చన్న కూడా చివరికి నవ్వాడు గానీ, ఆ నవ్వు కొంచెం ఏడుపు కలిసిన నవ్వు.

"అరే, ఎందుకు జెప్పలేదనుకున్నరు? మొదటి క్యాంప్‌ల నా చెయ్యి రుచి తెలిసిందని రోజూ నాతోనే ఒండిచ్చిన్రు. రెండేండ్లు పొయ్యి ముంగటే సచ్చిన. గందుకే గా పప్పు నేను కావాలనే పాడుజేసిన."

"రోజూ నీతోని ఒండిపియ్యం" అన్నాడు కాక. "రోజూ ఒక్కడే ఒండినా, ఒక్కడే పెద్దైనా, మెస్సు మెస్సుగ ఉండది. శుక్రారం ఒక్కటే నీది. వంతంటే వంతే."

ఆయన లోపలికి వెళ్లి, ఒక చేతిలో ఉల్లిగడ్డల సంచి, ఇంకో చేతిలో కత్తి పట్టుకుని వచ్చాడు.

"రోమోళ్లు సీజర్‌ను కత్తులతోని పొడిచిన్రన్నవ్. మేం గంత చెడ్డోళ్లం కాదు బుచ్చన్నా. కత్తి నీకే ఇస్తున్నం. కొయ్యి."

బుచ్చన్న కత్తి తీసుకున్నాడు. కొత్త సీజర్ వంటగది వైపు నడుస్తుంటే సైన్యమంతా వెనకే వెళ్లింది, ఎందుకంటే మటన్ తేవడానికి అంజి అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. ఆ ఉల్లిగడ్డలు కోసే వేగం చూస్తే కథలో వంట ముక్క ఒక్కటే నిజమని నాకు తెలిసిపోయింది. కాసేపటికి పుదీన వాసన పక్క రూముల దాకా పాకింది. నేపాలీ కుర్రాళ్లిద్దరు ప్లేట్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. సైన్యం అప్పుడే పెరగడం మొదలైంది.

నా ఫోన్ మోగింది. నేను చేతులు ఊపుకుంటూ వరండా చివరికి వెళ్లి నవ్వుతూ ఎత్తాను. శోభ నా ముఖాన్ని అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసింది. మూతి ముడుచుకుంది.

"ఏందయ్యా, ఇయ్యాల కండ్లల్ల నీళ్లే లేవు? అప్పుడే మమ్ముల మర్శిపోయినవా?"